నల్లబల్ల మీద అయిదో వరుస

రేలీన్‌కు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే, భర్త ట్రెంట్ మళ్ళీ తాగుతాడని. పిల్లకు జ్వరం వస్తుందనీ, పాలు పితికేటప్పుడు ఆవు తంతుందనీ, మంచులో బండి జారుతుందనీ ఆమెకు వేరే భయాలు కూడా ఉన్నాయి. అవి వచ్చి పోతుంటాయి. ఇది మాత్రం పది నెలలుగా ఆ ఇంట్లోనే కాపురం పెట్టింది, అద్దె కట్టకుండా.

ఈ శనివారం దానికి పిలిచి పీట వేసింది అత్తగారు.

"ఊరంతా వస్తుంది. పత్రికవాళ్ళు ఫోటో తీస్తారు. సొంత అన్న లేకపోతే ఏమంటారు?" అంది ఆర్లిస్, ఉడికిన బంగాళాదుంపల్ని గిన్నెలో కలుపుతూ. పొద్దుట్నుంచి ఆ మాట అనడం అది నాలుగోసారి.

"రాలేదంటారు," అంది రేలీన్.

"తమ్ముడు నోలన్ ఏమనుకుంటాడు?"

"నోలన్ తెరిచింది బ్రూవరీ. ట్రెంట్ మానేసింది బీరు. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవడం నోలన్‌కు రాదా? చదువుకున్నాడుగా."

ఆ చివరి మాట తగలాలనే అంది. తగిలింది. ఆర్లిస్ గరిటె గిన్నె అంచు మీద రెండుసార్లు కొట్టి, పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుంది.

"చదువు సంగతి నువ్వు ఎత్తకమ్మా," అంది మెత్తగా. "నీకూ మంచిది కాదు, నాకూ మంచిది కాదు."

రేలీన్ పదకొండో తరగతి మధ్యలో బడి మానేసింది, హ్యాటీ కడుపున పడితే. ఇప్పుడు హ్యాటీకి నాలుగేళ్ళు. బల్ల కింద కూర్చుని బూట్లు తారుమారుగా వేసుకుంటోంది. ఆ ఊళ్ళో చదువు మానేసిన ఆడపిల్లలు ఇంకా చాలామందే ఉన్నారు గాని, ఆర్లిస్ ఇంట్లో మాత్రం ఒక్కతే ఉంది.

కిటికీ దగ్గర మామగారు వెర్లిన్ టోపీ తియ్యకుండానే కాఫీ తాగుతున్నాడు. ఇంట్లో గొడవ జరుగుతున్నప్పుడు ఆయన వాతావరణం చూస్తాడు.

"ఒకడు తాగనంటాడు," అన్నాడు కిటికీతో. "ఇంకొకడు దోసకాయతో బీరు చేస్తానంటాడు. ఇద్దరు కొడుకులు పుట్టారు నాకు. బీరంటే ఏమిటో ఒక్కడికీ తెలియదు."

"మీరూరుకోండి," అంది ఆర్లిస్.

"ఇరవై తొమ్మిదేళ్ళు ఆ గదిలో చీజ్ చేశాను. ఏడు ఊళ్ళ పాలు వచ్చేవి. ఇప్పుడక్కడ దోసకాయ. దానికి ఫోటో."

ట్రెంట్ మెట్లు దిగి వచ్చాడు. నీలం చొక్కా వేసుకున్నాడు, మెడ దగ్గర బొత్తాం కూడా పెట్టుకున్నాడు. పెద్ద మనిషి, రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతాడు. వంటింట్లోకి వచ్చేటప్పటికి మాత్రం ఎక్కడ నిలబడాలో తెలియని వాడిలా గుమ్మానికి ఆనుకున్నాడు.

"నేను వెళ్తున్నా," అన్నాడు. "గంటసేపు కూర్చుంటా. నీళ్ళు తాగుతా. వచ్చేస్తా."

"బ్రూవరీకి వెళ్ళి నీళ్ళా," అన్నాడు వెర్లిన్. "చర్చికి వెళ్ళి పేకాడినట్టు."

"మన చర్చిలో పేకాడతారుగా నాన్నా. గురువారం నువ్వే గెలిచావు."

ఆర్లిస్ నవ్వింది. రేలీన్ నవ్వలేదు. అతను నవ్వించడం చూస్తే ఆమెకు భయం ఎక్కువవుతుంది. తాగిన రోజుల్లోనూ ఇలాగే నవ్వించేవాడు.

"ఒక్క గుక్క తాగితే చస్తాడా మనిషి?" అన్నాడు వెర్లిన్. "తమ్ముడు చేసింది. ఒక్క గుక్క."

బల్ల కింద బూటు నేలకేసి కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది.

ఆ ఒక్క గుక్క సంగతి ఆ వంటింట్లో అందరికీ తెలుసు. పోయిన జనవరిలో ట్రెంట్ పిల్లను వెనక సీట్లో కూర్చోబెట్టి పట్టీ కట్టి, ఇంటికి బయల్దేరి, దారిలో ఆగి ఒక్కటంటే ఒక్కటని మొదలుపెట్టి, చివరికి ట్రక్కును రోడ్డు పక్క గుంటలోకి దింపి, స్టీరింగు మీద తల పెట్టి నిద్రపోయాడు. ఇంజన్ ఆగిపోయింది. బయట కుక్కల్ని కూడా ఇంట్లోకి రానిచ్చే చలి. రెండు గంటల తర్వాత ఉత్తరాలు పంచే ఆవిడ అటుగా వచ్చి అద్దం మీద కొట్టింది కాబట్టి హ్యాటీకి ఈరోజు వేళ్ళు పదీ ఉన్నాయి.

ఆ రోజు రేలీన్ ఏడవలేదు, అరవలేదు. ఇంకొక్క గుక్క నోట్లో పడిందంటే పిల్లను తీసుకుని వెళ్ళిపోతానని మాత్రం చెప్పింది. ట్రెంట్ తల ఊపాడు. అప్పట్నుంచి ముట్టలేదు.

ముట్టలేదని అతను అంటాడు. ముట్టలేదనే ఆమె కూడా అనుకుంటోంది.

"నేనూ వస్తా," అంది రేలీన్.

"కాపలాకా?" అన్నాడు వెర్లిన్.

"ఫోటోకి," అంది రేలీన్.

*

ట్రక్కు ఎక్కేముందు రేలీన్ మునివేళ్ళ మీద లేచి భర్తకు ముద్దు పెట్టింది. ప్రతిరోజూ పెడుతుంది, అతను పనినుంచి రాగానే తలుపు దగ్గర. ఇవాళ వెళ్ళేముందు ఒకటి, తిరిగొచ్చాక ఒకటి అనుకుంది. ముందు వాసన తెలిస్తేనే కదా తర్వాతి వాసన తేడా తెలిసేది.

"కాఫీ," అన్నాడు ట్రెంట్.

"ఏంటి?"

"ఏం లేదు. ఎక్కు."

అత్తమామలు తమ బండిలో వెనకే వస్తున్నారు. కోసేసిన మొక్కజొన్న చేలు రెండువైపులా బోసిగా ఉన్నాయి. గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పిన మొదటి వారం. నాలుగు కాకుండానే వెలుతురు పచ్చబడిపోతోంది. వెనక సీట్లో హ్యాటీ బంగాళాదుంపల గిన్నెను ఒళ్ళో పెట్టుకుని, అది పాపాయి అయినట్టు జోకొడుతోంది.

నోలన్ బ్రూవరీగా మార్చిన పాత చీజ్ ఫ్యాక్టరీ ముందు బండ్లు రోడ్డు దాకా ఉన్నాయి. ఆ ఊళ్ళో చావుకు తప్ప ఇంతమంది ఒకచోట చేరడం రేలీన్ చూడలేదు.

*

లోపల ఎవరిదో పాక కూలగొట్టి తెచ్చిన చెక్కలకు మెరుగు పూసి బల్లలు చేశారు. మేకుల కన్నాలు కూడా పూడ్చకుండా వదిలేశారు, అందం కోసమట. అలాంటి కన్నాల్లోంచి గాలి కొట్టే ఇంట్లో పెరిగిన రేలీన్‌కు ఆ అందం తెలియలేదు.

పాలు మరిగించిన చోట ఇప్పుడు మనిషి కన్నా ఎత్తు స్టీలు పీపాలు నిలబెట్టారు. గోడల మీది తెల్ల పలకలు మాత్రం పాతవే. నేల మధ్యలో నీళ్ళు పోయే కాలవ కూడా పాతదే. వెర్లిన్ లోపలికి రాగానే ముందు దాన్ని చూశాడు. తర్వాత పీపాల్ని చూశాడు. తర్వాత టోపీ సర్దుకున్నాడు.

జనం బొజ్జ ఉన్న గ్లాసులు పట్టుకుని, ముక్కు లోపల పెట్టి, కళ్ళు మూసుకుని పీలుస్తున్నారు. అందులో ఒకణ్ణి రేలీన్ గుర్తుపట్టింది. పదో తరగతిలో జిగురు సీసా వాసన చూస్తూ దొరికిపోయి వారం రోజులు ఇంటికి పంపించబడ్డవాడు. ఇప్పుడు వాడు పక్కావిడతో, "చివర్లో కొంచెం తోలు వస్తోంది, గమనించారా," అంటున్నాడు. ఆవిడ గమనించానంటోంది.

నోలన్ ఎదురొచ్చాడు. గడ్డం ఛాతీ దాకా ఉంది. రబ్బరు బూట్లు, తోలు ఏప్రన్. తల్లిని కావలించుకున్నాడు, తండ్రి చెయ్యి ఊపాడు, అన్న భుజం మీద చెయ్యి వేసి అక్కడే ఉంచేశాడు.

"వచ్చావు," అన్నాడు.

"అమ్మ బంగాళాదుంపలు మొయ్యడానికి మనిషి కావాలిగా," అన్నాడు ట్రెంట్.

కౌంటర్ వెనక గోడంత నల్లబల్ల. దాని మీద సుద్దతో, తీగలు పాకించినట్టుగా మెలికలు తిప్పిన అక్షరాలు. రేలీన్ మొదటి వరుస చదివింది. పెదవులు కదలకుండా చదవడం ఆమెకు ఇప్పటికీ కష్టం. లేత బంగారు రంగు, తడిసిన ఎండుగడ్డి, గుర్రపు దుప్పటి, అని రాసి ఉంది.

"నోలన్," అంది. "గుర్రపు దుప్పటి అంటే ఏ వైపుది? గుర్రానికి ఆనే వైపుదా, పై వైపుదా?"

నోలన్ గట్టిగా నవ్వాడు. "అది మంచి వాసన రేలీన్. తెలిసినవాళ్ళు వెతుక్కుంటారు."

"నేను పనిచేసే చోట రెండు గుర్రాలున్నాయి. ఆ దుప్పట్లు నేనే ఉతుకుతాను. వెతుక్కోవాల్సిన పని లేదు, అదే వస్తుంది."

రెండో వరుసలో దోసకాయ, సముద్రపు ఉప్పు. మూడో వరుస ఏదో పరదేశపు మాటతో మొదలైంది. పొడుగ్గా ఉంది. మొదటి సగం పట్టుకుంటే రెండో సగం జారిపోతోంది. ఆమె మళ్ళీ మొదటికి వచ్చింది.

"చదివి పెట్టనా అమ్మా?" అంది ఆర్లిస్ పక్కనుంచి. అవసరానికి మించి గట్టిగా అంది. జిగురువాడు తిరిగి చూశాడు.

"అక్కర్లేదు," అంది రేలీన్. నల్లబల్లకు వీపు పెట్టి కూర్చుంది. ఇంతమంది ఇన్ని మాటలు కట్టి అమ్ముకునేది చివరికి బీరే కదా. మిగతా వరుసల్లో మాత్రం ఏముంటుంది? ఇంకో జంతువు దుప్పటి.

*

నోలన్ తండ్రి ముందు ఒక చెక్క పెట్టాడు. పొడవాటి చెక్క, దానికి అయిదు గుంటలు, నాలుగు గుంటల్లో నాలుగు చిన్న గ్లాసులు. ఒక్కోదాంట్లో నాలుగు గుక్కలు పడతాయి. అయిదో గుంట ఖాళీగా ఉంది.

"ఇదేంటి, పన్ను ఊడినట్టు?" అన్నాడు వెర్లిన్.

"అయిదోది తర్వాత తెస్తా. దాని సంగతి వేరు," అన్నాడు నోలన్. అంటూ అన్న వైపు చూశాడు.

ఆ చూపు రేలీన్ చూసింది. చూసి గుండెల్లో దాచుకుంది.

ట్రెంట్ ముందు నీళ్ళ గ్లాసు ఉంది. అతను దాన్ని రెండు చేతులతో పట్టుకుని బల్ల మీద కొంచెం అటూ, కొంచెం ఇటూ జరుపుతున్నాడు. గదిలో చేతిలో నీళ్ళున్నది అతనొక్కడికే. వచ్చినవాడల్లా ముందు అతని చేతుల్ని చూసి, తర్వాత మొహం చూసి పలకరిస్తున్నాడు. చేతుల్ని చూసిన సంగతి తెలియకుండా చూడటం రేలీన్‌కు బాగా తెలిసిన విద్య. వాళ్ళెవరికీ సరిగ్గా రాదు.

వెర్లిన్ మొదటి గ్లాసు ఎత్తి తాగాడు.

"పులిసింది. పాలు పాడైన రోజున ఈ గదిలో ఇదే వాసన. మేం కాలవలో పారబోసేవాళ్ళం. నువ్వు గ్లాసులో పోస్తున్నావు."

"అది పుల్లగానే ఉండాలి నాన్నా."

"కావాలని చేశావన్నమాట. పొరపాటనుకుని క్షమిద్దామనుకున్నా."

రెండోది తాగాడు. "ఇది సలాడ్." మూడోది వెలుతురుకు ఎత్తి చూశాడు. మామిడిపండు రసంలా చిక్కగా ఉంది. "వడగట్టడం మర్చిపోయారు." అలా అంటూనే మూడు గ్లాసులూ అడుగంటా ఖాళీ చేశాడు. ఆయన తిట్టుకుంటూ తినడం, తిట్టుకుంటూ తాగడం ఇంట్లో అందరికీ అలవాటే.

నాలుగోది నల్లది. గోధుమరంగు నురగ. ఒక గుక్క తాగి ఆగాడు. ఇంకో గుక్క తాగాడు. ఏమీ అనలేదు. కాలవ వైపు చూశాడు.

"చెప్పు నాన్నా," అన్నాడు నోలన్.

"ఏం చెప్పాలి? తాగుతున్నాగా."

ఆ మాటకు నోలన్ మొహం వెలిగిపోయింది. గడ్డం వెనక పన్నెండేళ్ళ పిల్లాడు కనిపించాడు. జనం పిలిస్తే కౌంటర్ వైపు వెళ్ళాడు.

వెర్లిన్ చిటికెన వేలు నురగలో ముంచాడు. "రా తల్లీ, నాలుక చాపు," అన్నాడు హ్యాటీతో.

"వెర్లిన్, వద్దు," అంది రేలీన్.

"నురగే పిల్లా. గాలి. ఈ ఇంట్లో అందరికీ నేనే నాకించాను. మా నాన్న నాకు నాకించాడు. నోలన్‌కు ఏడాదికి. ట్రెంట్‌కు ఆర్నెల్లకే."

"అందుకే వద్దంటున్నా."

ఆ మాట ఎంత దూరం వెళ్తుందో అన్నాక గాని ఆమెకు తెలియలేదు. ఆర్లిస్ పెదవులు బిగించింది. వెర్లిన్ వేలు గాల్లోనే ఉండిపోయింది, నురగ కరిగి మణికట్టు మీదికి కారింది. ట్రెంట్ నీళ్ళ గ్లాసును జరపడం ఆపేశాడు.

"నేనిక్కడే ఉన్నా," అన్నాడు మెల్లిగా. "నా గురించి మాట్లాడుతుంటే."

పక్క బల్ల దగ్గర ఎవరో తోలు రుచి గురించి మాట్లాడుతూనే ఉన్నారు.

"అమ్మా, ఒంటికి," అంది హ్యాటీ.

*

ఆడవాళ్ళ మరుగుదొడ్డి ఒక్కటే ఉంది. దాని ముందు ఎనిమిదిమంది. రేలీన్ వెనక్కి తిరిగి చూసింది. మనుషుల భుజాల మధ్యలోంచి నీలం చొక్కా ఒక్క ముక్క కనిపించింది. తర్వాత అదీ కనిపించలేదు.

వంతు వచ్చాక హ్యాటీ మేజోళ్ళు దిగవు. దిగాక ఒంటికి రాదు. వచ్చాక చేతులు కడుక్కునే సబ్బుకు పైన్ చెట్టు వాసన వస్తోందని రెండోసారి కడుక్కుంటానంది.

"పద," అంది రేలీన్.

"ఇంకోసారి."

"హ్యాటీ, పద."

ఎంతసేపయింది? పది నిమిషాలు. నాలుగు గుక్కలకు పది నిమిషాలు అక్కర్లేదు. ఒక్క గుక్కకు ఎంతసేపు పడుతుందో పోయిన జనవరి చెప్పింది.

గుంపులోంచి పిల్లను లాక్కుంటూ బయటికి వచ్చి చూసింది.

వెర్లిన్ తల వెనక్కి వాల్చి నవ్వుతున్నాడు. ఆయన చెయ్యి కొడుకు భుజాల చుట్టూ ఉంది. పది నెలల్లో ఆయన కొడుకును ముట్టుకోగా ఆమె చూడలేదు. నోలన్ ఎదురుగా నిలబడి, రెండు చేతులూ ఏప్రన్‌లో పెట్టుకుని, అన్న మొహం వైపే ముందుకు వంగి చూస్తున్నాడు. ట్రెంట్ ముందు కూడా ఒక చెక్క ఉంది. దానికి ఒక్కటే గుంట, అదీ ఖాళీ. ఆ గ్లాసు అతని చేతిలో ఉంది. నల్లది. సగం తాగేశాడు. పై పెదవి మీద గోధుమరంగు నురగ తడి.

రేలీన్ పిల్ల చెయ్యి వదిలేసింది.

నాలుగు అడుగుల్లో బల్ల దగ్గరికి వచ్చి అతని చేతిలోంచి గ్లాసు లాక్కుంది. వాసన చూద్దామంటే ఆ గదిలో ముక్కు పనిచెయ్యదు. గోడలూ, గాలీ, ఆమె కోటూ అన్నీ బీరు కంపే. అందుకని తాగింది. మిగిలింది మొత్తం, నిలబడి, అందరూ చూస్తుండగా.

తియ్యగా ఉంది.

వెనిల్లా, పిప్పరమెంటు లాంటి ఘాటు, తేనె. పిల్లల పుట్టినరోజు పండగల్లో ఐస్‌క్రీం మీద పోసే రూట్ బీర్. పేరులో తప్ప అందులో బీరు ఎక్కడా లేదు. మూడేళ్ళ పిల్లకు సీసాలో పోసి ఇవ్వొచ్చు.

ఆమె నోట్లో ఇంకా మింగనిది కొంచెం మిగిలింది. దాన్ని ఏం చెయ్యాలో తెలియలేదు.

పక్క బల్లలవాళ్ళు మాటలు ఆపారు. జిగురువాడు గ్లాసు దించాడు. ఆ గదిలో చాలామందికి జనవరి సంగతి తెలుసు, తెలియనివాళ్ళకు ఇప్పుడు తెలుస్తోంది. ఒకరి చెవిలోంచి ఇంకొకరి చెవికి అది వెళ్ళడం రేలీన్ కళ్ళతో చూసింది.

"అయిందా?" అన్నాడు ట్రెంట్.

"ట్రెంట్, నేను..."

"తేలిందా? లేకపోతే ఇంకో గ్లాసు తెమ్మంటావా, రెండోసారి చూస్తావా?" గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆమెకు నయంగా ఉండేది. "వాళ్ళు చూస్తే నాకు ఫరవాలేదు. వాళ్ళు చూస్తారు. ఊరు అంతే."

"నల్లగా ఉంది. నాకు కనిపించింది..."

"పది నెలలు రేలీన్. రోజూ తలుపు దగ్గర నిలబడతావు. మొదటి వారం ముద్దనుకున్నాను." అతను పెదవి మీది నురగ చొక్కా చేతితో తుడుచుకున్నాడు. "పది నెలల్లో నువ్వు నన్ను ఒక్కసారి కూడా ముద్దు పెట్టుకోలేదు. వాసన చూశావు."

అతను లేచాడు. కుర్చీ వెనక్కి పడబోతే పట్టుకుని సరిగ్గా నిలబెట్టాడు. హ్యాటీ నడినెత్తి మీద పెదవులు ఆనించాడు. కోటు భుజాన వేసుకుని, మనుషుల మధ్యలోంచి, ఒక్కొక్కరికీ తప్పుకోమని చెప్పుకుంటూ, మర్యాదగా బయటికి వెళ్ళాడు.

*

"నాలుగు నెలలు పట్టింది," అన్నాడు నోలన్. అతను ఆమెతో అంటున్నాడో ఖాళీ గ్లాసుతో అంటున్నాడో తెలియలేదు. "ఎనిమిదిసార్లు పారబోశాను. మిగతా నాలుగూ ఎవరికి నచ్చకపోయినా ఫరవాలేదనుకున్నా."

"నువ్వు నాతో చెప్పి ఉంటే," అంది రేలీన్.

"రాశానుగా."

ఆమె తిరిగి నల్లబల్ల చూసింది. మూడో వరుసను దాటేసింది, అందులోని పరదేశపు మాటతో సహా. నాలుగోది దాటింది. అన్నిటికన్నా కింద, మెలికలు లేకుండా, బళ్ళో పిల్లలు రాసినట్టు విడివిడి అక్షరాలతో అయిదో వరుస ఉంది. అంత తేలిక వరుస ఆ గోడ మీద ఇంకొకటి లేదు.

రూట్ బీర్. పిల్లలకూ, మా అన్నకూ.

"చదివి పెడతానన్నాను," అంది ఆర్లిస్, బంగాళాదుంపల గిన్నె మూత సరిచేస్తూ. "వద్దన్నావు."

వెర్లిన్ తన ముందున్న నల్ల బీరు గ్లాసును రెండు వేళ్ళతో బల్ల మధ్యకు తోసేశాడు, ఇంకా సగం ఉండగానే. ఆయన గ్లాసు సగంలో వదిలెయ్యడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

"వాడు నాతో మాట్లాడుతున్నాడు," అన్నాడు ఆఖరికి. "చాన్నాళ్ళకి. ఇక్కడ చీజ్ చేసేటప్పుడు నేను పాడిన పాట ఒకటి గుర్తుచేశాడు. నవ్వుకుంటున్నాం." ఆమె వైపు చూశాడు. ఆ చూపులో కోపం కూడా లేదు. ఇంటికొచ్చిన కొత్త పనిమనిషి మంచి పింగాణీ పళ్ళెం పగలగొడితే చూసే చూపు. "కాపలా బాగా కాశావు పిల్లా."

"నాన్నది తియ్యగా ఉందా అమ్మా?" అంది హ్యాటీ.

రేలీన్ బయటికి పరుగెత్తింది.

వెలుతురు దాదాపు పోయింది. బండ్ల వరుస చివర ట్రక్కు వెనక దీపాలు రెండు ఎర్రగా వెలిగి రోడ్డు మీదికి ఎక్కాయి. రోడ్డు దగ్గర కాసేపు ఆగాయి. ఇంటికి కుడివైపు తిరగాలి.

ట్రక్కు ఎడమవైపు తిరిగింది.

ఆమె ఫోను తీసి చేసింది. మోగుతోంది. మూడుసార్లు మోగాక ఎత్తారు.

"ట్రెంట్. ట్రెంట్, విను..."

"నేనమ్మా, ఆర్లిస్‌ను," అంది అవతల గొంతు. వెనక అదే గది, అవే గ్లాసుల చప్పుళ్ళు. "వాడు ఫోను బల్ల మీదే మర్చిపోయాడు."

రేలీన్ ఫోను దించలేదు. రోడ్డు వైపే చూస్తూ నిలబడింది. ఎడమవైపు పోతే డబుల్ కే అనే కౌంటీ రోడ్డు. దాని మీద ఆరు మైళ్ళలో మూడు సారా కొట్లున్నాయి. మూడింటిలోనూ అతని పేరు తెలుసు, అతను కూర్చునే స్టూలు తెలుసు. ఆ మూడూ దాటితే లూథరన్ చర్చి. దాని నేలమాళిగలో శనివారం అయిదింటికి తాగుడు మానినవాళ్ళు కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చుంటారు, కాగితపు కప్పుల్లో చల్లారిన కాఫీ తాగుతారు. చర్చి దాటితే జనవరి నాటి గుంట.

అతను ఎంత దూరం వెళ్తాడన్నదే సంగతి. అది అతనికి కూడా ఇంకా తెలిసి ఉండదు.

అయిదవడానికి ఇంకా పది నిమిషాలుంది. ఆమె దగ్గర బండి లేదు. లోపలికి వెళ్ళి ఆర్లిస్‌నో వెర్లిన్‌నో తాళంచెవులు అడగాలంటే, ఆ గది మొత్తం మళ్ళీ దాటాలి. నోట్లో తీపి ఇంకా పోలేదు.

ఇది చదువుతున్నవాళ్ళలో ఎవరైనా ఇప్పుడు డబుల్ కే మీదుగా వెళ్తూ ఉంటే, కొంచెం నెమ్మదిగా వెళ్ళండి. నీలం ట్రక్కు, వెనక తలుపుకు ఎడమవైపు సొట్ట. కొట్టు ముందు కనిపించినా, చర్చి ముందు కనిపించినా, రోడ్డు పక్కన దీపాలార్పి కనిపించినా ఆగండి. అద్దం మీద కొట్టండి. ఒకసారి కొడితే పలకకపోతే మళ్ళీ కొట్టండి. పేరు ట్రెంట్. బాగున్నావా అని అడగండి, చలిగా ఉందేమో అడగండి, నాలుగేళ్ళ పిల్ల ఎదురుచూస్తోందని చెప్పండి.

వాసన మాత్రం చూడకండి.